పారినాకోటా, అకోటాంగో, సహామా: మొదటి ఆరువేల మీటర్ల శిఖరంగా ఏది ఎంచుకోవాలి?

క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనుప పళ్లు) కట్టుకుని గట్టి మంచు వాలు మీద నడవడం వచ్చినవాళ్లు పారినాకోటా ఎక్కండి. అది అంతగా రాదు కానీ ఒక్కసారైనా ఆరువేల మీటర్లు దాటాలి అనుకునేవాళ్లకు అకోటాంగో సరిపోతుంది. ఈ రెండూ అయ్యాక ఒంట్లో ఓపిక, చేతిలో నాలుగు రోజులు మిగిలితే సహామా సంగతి చూడవచ్చు. పోమెరాపే జోలికి మొదటి ప్రయాణంలో వెళ్లొద్దు. తొందరలో ఉన్నవాళ్లకు ఇంతే సలహా. ఎందుకో తెలుసుకోవాలంటే కింద చదవండి.

ఈ నాలుగు అగ్నిపర్వతాలూ బొలీవియా, చిలీ దేశాల సరిహద్దు పరిసరాల్లో, ఐమారా జనం ఉండే ఎత్తైన పీఠభూమి మీద ఉన్నాయి. బొలీవియాలోని సహామా అనే చిన్న ఊరు (సుమారు 4,250 మీటర్లు) నడిమధ్యన ఉంటుంది. ఊరికి తూర్పున సహామా పర్వతం పూర్తిగా బొలీవియా భూభాగంలోనే నిలబడి ఉంటుంది. పడమర వైపు సరిహద్దు మీద జంటగా పారినాకోటా, పోమెరాపే కనిపిస్తాయి. వీటి దక్షిణాన, హైవేకి అవతలి పక్క, అకోటాంగో ఉంది. ఎత్తులు మ్యాపును బట్టి పది నుంచి నలభై మీటర్ల దాకా మారుతుంటాయి. ఎక్కువగా వాడే లెక్క ప్రకారం పారినాకోటా 6,348, పోమెరాపే 6,282, అకోటాంగో 6,052, సహామా 6,542 మీటర్లు. బొలీవియాలో సహామాను మించిన శిఖరం లేదు.

ముందే ఒక జాగ్రత్త. చిలీ వైపు పారినాకోటా అనే పాత ఐమారా ఊరు ఉంది, అదే పేరుతో ఒక జిల్లా కూడా ఉంది. బండి మాట్లాడేటప్పుడు, గది వెతికేటప్పుడు "అగ్నిపర్వతం" అన్న మాట కలిపి అడగండి.

ఎత్తు కాదు, పడుకునే చోటు చూడండి

చాలామంది ఈ కొండల్ని మీటర్ల లెక్కలో పోలుస్తారు. 6,052కీ 6,348కీ మధ్య ఉన్న మూడొందల మీటర్లు ఒంటికి తెలుస్తాయి, నిజమే. కానీ అసలు తేడా రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఒంట్లో బాగోకపోతే ఎంతసేపట్లో కిందికి చేరతారు అన్నదాంట్లో ఉంది.

అకోటాంగోకి ఊళ్లో 4,250 మీటర్ల దగ్గర మంచం మీద పడుకుని, తెల్లవారుజామున జీపెక్కి, పాత గని బాట మీద 5,300 మీటర్లు దాటేదాకా వెళ్లవచ్చు. మంచు తక్కువున్న నెలల్లో జీపు ఇంకాస్త పైకి కూడా పోతుంది. అక్కడినుంచి నడవాల్సింది ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు లోపే. మధ్యాహ్నానికల్లా తిరిగి ఊళ్లో ఉంటారు.

పారినాకోటాకి ఒక రాత్రి సుమారు 5,100 మీటర్ల దగ్గర గుడారంలో గడపాలి. అయితే ఆ గుడారం పక్కదాకా జీపు వస్తుంది. అర్ధరాత్రి ఒకరికి తల పగిలిపోతున్నా బండెక్కించి ఊరికి దించేయవచ్చు.

సహామాకి బేస్ క్యాంపు 4,800 దగ్గర, పై క్యాంపు 5,700 దగ్గర ఉంటాయి. పై క్యాంపుకి బండి రాదు, గాడిద రాదు. గుడారం, గ్యాసు, తాళ్లు, తిండి అన్నీ మనుషులే గులకరాళ్ల వాలు మీద మోయాలి. ఆ ఎత్తులో సరిగా నిద్ర పట్టదు, తిండి సయించదు. ఎవరికైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరితే చీకట్లో నడిపించుకునే దించాలి. మొదటిసారి ఆరువేలు దాటుతున్న మనిషిని ఆ పరిస్థితిలో పెట్టడం మాకు ఇష్టం లేదు. సహామాను మూడో స్థానంలో పెట్టింది అందుకే. ఆ అదనపు రెండొందల మీటర్లు లెక్కలోకే రావు.

పారినాకోటా విషయంలో డబ్బు మిగులుతుందని చేసే ఒక పొరపాటు ఉంది. జీపు సాయంత్రం దించేసి వెనక్కి వెళ్లి, మర్నాడు మధ్యాహ్నం వస్తుందని మాట్లాడుకుంటారు. అక్కడ ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. అంటే పారినాకోటాకి ఉన్న పెద్ద సౌకర్యాన్ని చేతులారా వదులుకున్నట్టే. రాత్రికి బండి, డ్రైవరు క్యాంపులోనే ఉండేలా మాట్లాడుకోండి, ఆ ఖర్చు దండగ కాదు.

కాళ్ల కింద ఏముంటుంది

పారినాకోటా దాదాపు అచ్చు శంకువు ఆకారంలో ఉంటుంది, పైన సుమారు మూడొందల మీటర్ల లోతైన బిలం ఉంటుంది. కొన్ని వేల ఏళ్ల కిందట పాత కొండలో పెద్ద భాగం కూలి పడమటి వైపు పారింది. ఆ శిథిలాలు నీటి దారికి అడ్డుపడి చిలీ వైపు చుంగరా సరస్సు ఏర్పడింది. ఇప్పుడు కనిపించే శంకువు ఆ తర్వాత పేరుకున్నదే. వయసు తక్కువ కనుక పైపొర అంతా బూడిద, తేలికపాటి అగ్నిపర్వత గులక. మంచు కప్పి ఉంటే బంగారంలాంటి దారి. మంచు లేకపోతే రెండడుగులు పైకి వేస్తే ఒకటి కిందికి జారుతుంది. ఆరేడు గంటల్లో అయ్యే ఎక్కుడు పదిగంటలైనా అవదు. చాలామంది వెనక్కి తిరిగేది వాలు నిటారుగా ఉందని కాదు, ఈ జారుడుకి కాళ్లు ఖాళీ అయిపోయి.

మామూలు దారి ఇలా ఉంటుంది. రాత్రి ఒంటిగంట, రెండు మధ్య బయలుదేరతారు. మొదట పారినాకోటా, పోమెరాపేల మధ్య ఉన్న కనుమ వైపు రాళ్లూ బూడిదా కలిసిన నేల మీద అడ్డంగా నడవాలి. చీకట్లో దారి తప్పేది ఇక్కడే. ముందురోజు సాయంత్రం వెలుతురుండగానే గైడుతో కలిసి మొదటి అరగంట దారి చూసి రండి. తర్వాత ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల మంచు వాలు మొదలవుతుంది, పైకి వెళ్లేకొద్దీ నలభైకి చేరుతుంది. మొత్తం ఎక్కేది సుమారు 1,250 మీటర్లు. ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, దిగడానికి మూడు, నాలుగు చాలు. బిలం అంచు చేరగానే పనైపోయిందని కూర్చోవద్దు. అంచు వెంట ఎత్తైన చోటుదాకా ఇంకా నడక ఉంటుంది, గాలి విసిరికొట్టేది కూడా అక్కడే. పదిన్నరకి అంచు కనుచూపు మేరలో లేకపోతే వెనక్కి తిరగాలని ముందే ఒప్పందం చేసుకోండి.

అకోటాంగో వాలు కూడా ముప్పై, ముప్పై అయిదు డిగ్రీలే, అయితే చాలా చిన్నది. హిమానీనదం బాగా తగ్గిపోయింది, కొన్ని నెలల్లో సగం దారి రాళ్ల మీదే. ఇక్కడ ప్రమాదం కొండది కాదు, "సులువు" అన్న పేరుది. లా పాజ్‌లో దిగిన మూడోనాడే జీపెక్కి వచ్చేసేవాళ్లు 5,700 దగ్గర వాంతులతో కూలబడతారు. జీపు ఎక్కించిన ఎత్తుకి ఒళ్లు అలవాటు పడదు కదా. ఇంకో సంగతి. 1970లలో చిలీ సైన్యం ఈ సరిహద్దు వెంట చాలాచోట్ల మందుపాతరలు పాతింది. వాటి తొలగింపు పూర్తయినట్టు 2020లో చిలీ ప్రకటించింది. అయినా సరిహద్దు గట్టు మీద నలిగిన బాట వదిలి అడ్డదారులు తొక్కడం తెలివైన పని కాదు.

సహామాలో పై క్యాంపు తర్వాత నలభై అయిదు, యాభై డిగ్రీల ఇరుకు మంచు కాలువ ఒకటి దాటాలి. తాడు, ఐస్‌లో బిగించే మరలు (ఐస్ స్క్రూలు), ముందు ఎక్కేవాడు జారితే తాడుతో నమ్మకంగా ఆపగల (బిలే ఇవ్వగల) మనిషి కావాలి. శిఖరం మాత్రం విశాలమైన బల్లపరుపు మంచు. 2001లో అక్కడ ఫుట్‌బాల్ కూడా ఆడారు. చదువుతుంటే సరదాగా ఉంటుంది గానీ, మబ్బు కమ్మితే ఆ బల్లపరుపే చిక్కు తెచ్చిపెడుతుంది. నాలుగు దిక్కులూ ఒకేలా కనబడి దిగే గట్టు దొరకదు. ఎక్కేటప్పుడే జీపీఎస్‌లో బిందువులు గుర్తుపెట్టుకోవాలి.

పోమెరాపే ఎత్తులో పారినాకోటాకి తమ్ముడే కానీ వాలు నిటారు, ఐస్ గట్టిది, ఎక్కేవాళ్లు తక్కువ కనుక అడుగుజాడలుండవు. చిలీ వైపు ఉన్న గువల్లాతిరి (6,071) గురించి కూడా కొందరు అడుగుతుంటారు. శిఖరం దగ్గర గంధకపు పొగలు కక్కే సజీవ అగ్నిపర్వతం అది. గాలి మీ వైపు తిరిగితే, ఆక్సిజన్ ఎలాగూ సగమే ఉన్నచోట ఆ పొగ పీల్చాలి. మొదటి శిఖరంగా వద్దు.

ఏ నెలలో వెళితే ఏది

ఇక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా వానకాలం. మధ్యాహ్నం ఉరుములు, కొత్త మంచు, పిడుగులు. ఆ నాలుగు నెలలు ఏ శిఖరమూ వద్దు. దక్షిణ అమెరికాలోకెల్లా ఎత్తైన ఆకొంకాగువా శిఖరం సీజను సరిగ్గా అప్పుడే. ఏడు ఖండాల శిఖరాలు ఎక్కుతున్న మనవాళ్లు "దారిలోనే కదా, ముందు బొలీవియాలో అలవాటు పడి అక్కడికి పోదాం" అని వేసే పథకం ఈ ఒక్క కారణంతోనే దెబ్బతింటుంది.

ఏప్రిల్ చివరినుంచి జూన్ మధ్య దాకా పారినాకోటాకి మంచి రోజులు. వానకాలపు మంచు గట్టిపడి బూడిదను కప్పి ఉంచుతుంది. జూన్ చివర, జూలై, ఆగస్టు చలికాలం. ఆకాశం అద్దంలా ఉంటుంది కానీ తెల్లవారుజామున మైనస్ పదిహేను, ఇరవై డిగ్రీలకు పోతుంది, గాలి రోజుల తరబడి తగ్గదు. ఆ నెలల్లో వెళితే వేచి చూడడానికి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో చలి తగ్గుతుంది, దాని బదులు పెనిటెంటేలు పెరుగుతాయి.

వీటిని హిమాలయాల్లో ఈ స్థాయిలో చూసి ఉండరు కనుక కొంచెం వివరంగా చెప్పాలి. గాలి బాగా పొడిగా, ఎండ తీవ్రంగా ఉన్నచోట మంచు నీరవకుండానే ఆవిరైపోతుంది. చిన్న గుంటల్లో ఎండ ఎక్కువ చిక్కుకుని అవి లోతవుతాయి, మధ్య గట్లు పలచబడి కత్తుల్లా నిలుస్తాయి. సీజను మొదట్లో చీలమండ ఎత్తు, చివర్లో మోకాలు, ఒక్కోచోట నడుము ఎత్తు. వీటి మధ్య అడుగు వేయాలంటే ప్రతిసారీ కాలు ఎత్తి అవతల పెట్టాలి. కొన్ని విరుగుతాయి, కొన్ని విరగవు, ఏది ఏదో కాలు మోపాకే తెలుస్తుంది. క్రాంపాన్ ముల్లు రెండు కత్తుల సందులో ఇరుక్కుని ఒళ్లు ముందుకు పడితే మోకాలు మెలిపడుతుంది. గైటర్లు (బూట్ల పైనుంచి కాళ్లకు కట్టే తొడుగులు) చిరుగుతాయి. దిగేటప్పుడు జారి కూర్చుని దిగడం కుదరదు కనుక మూడు గంటల దిగుడు అయిదవుతుంది. ఎత్తు తక్కువున్నవాళ్లకు మరీ నరకం. సెప్టెంబరు తర్వాతే సెలవు దొరుకుతుందంటే పారినాకోటా వదిలి అకోటాంగో పెట్టుకోండి. సహామాలో ఇవి ఇంకా పెద్దవి.

బొలీవియా వైపా, చిలీ వైపా

బొలీవియా వైపే. చిలీలో అరికా నుంచి దారి చక్కటి తారురోడ్డు, పుత్రే (3,500 మీటర్లు) దగ్గర ఆగి అలవాటు పడవచ్చు, లౌకా నేషనల్ పార్కు చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ చుంగరా వైపునుంచి కొండ మొదలు చేరడానికే లావా రాళ్ల మైదానం దాటాలి. గైడ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. సరిహద్దు శిఖరాలు ఎక్కే విదేశీయులు డిఫ్రోల్ అనే చిలీ సరిహద్దుల శాఖనుంచి ముందే అనుమతి తీసుకోవాలి. పైగా అరికా సముద్రమట్టం. అక్కడినుంచి ఒక్కరోజులో 4,500 దాటించే తారురోడ్డు ఊరిస్తుంది, లొంగిపోతే తలనొప్పి తప్పదు.

బొలీవియాలో లా పాజ్ నుంచి పటకమాయా దాకా బస్సు, అక్కడినుంచి మధ్యాహ్నం వేళ సహామా ఊరికి మినీబస్సు. అది రోజుకి ఒకటే, నిండితే బయలుదేరుతుంది. ముందుగా వెళ్లి కూర్చోండి. తప్పిపోతే టాంబో కెమాడో సరిహద్దు వైపు వెళ్లే బండెక్కి కూడలి దగ్గర దిగవచ్చు గానీ, అక్కడినుంచి ఊరికి పది కిలోమీటర్లు పైబడి మట్టిదారి. ఊళ్లో పార్కు ఆఫీసులో పేరు రాయించి రుసుము కట్టాలి. ఏటీఎం ఉండదు, నోట్లు లా పాజ్‌లోనే తీసుకోండి.

ఒంటిని సిద్ధం చేయడం

లా పాజ్ విమానాశ్రయం ఎల్ ఆల్టోలో, 4,060 మీటర్ల దగ్గర ఉంది. హైదరాబాదులో విమానమెక్కిన ఒళ్లు లేహ్ కన్నా ఎత్తులో దిగుతుంది. వీలుంటే ముందు కోచబాంబాలో (2,560) రెండు రాత్రులు గడిపి, తర్వాత లా పాజ్ నగరంలో (3,640) రెండు, సహామా ఊళ్లో మూడు గడపండి. ఊళ్లో మొదటిరోజు వేడినీటి ఊటల దాకా చదును నడక. రెండో రోజు 4,800 పైబడి ఉండే సరస్సుల దారి పట్టి, పైన గంటసేపు కూర్చుని దిగిరండి. మూడో రోజు సహామా వాలు మీద కెన్యువా చెట్ల మధ్య తిరగవచ్చు. 5,000 మీటర్లు దాటినా బతికే చెట్లవి, ప్రపంచంలో ఇంత ఎత్తులో అడవి ఇంకెక్కడా లేదు. తర్వాతి రోజు అకోటాంగో, ఒకరోజు విశ్రాంతి, ఆపైన పారినాకోటా. పన్నెండు, పదమూడు రోజుల్లో రెండూ అవుతాయి. నిజానికి ఇదే మా మొదటి సలహా. అకోటాంగోను గమ్యంగా కాక పారినాకోటాకి మెట్టుగా వాడుకోండి. అక్కడే బాగా అలసిపోతే పారినాకోటా ఖర్చు మిగుల్చుకుని ఊటల్లో స్నానం చేసి రావచ్చు.

ఎత్తు జబ్బు రాకుండా అసెటజోలమైడ్ 125 మిల్లీగ్రాముల బిళ్ల ఉదయం, సాయంత్రం చొప్పున ఎత్తుకి బయలుదేరే ముందురోజునుంచి వాడటం మామూలు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడగాలి. వేళ్ల చివర తిమ్మిరి, ఎక్కువసార్లు మూత్రం మామూలే, భయపడొద్దు. తిన్నగా గీత మీద మడమకి బొటనవేలు ఆనించి పది అడుగులు వేయలేకపోయినా, పడుకుంటే ఛాతీలో గురగుర వినిపించినా ఆ క్షణమే దించాలి. "తెల్లారనీ" అనుకోవద్దు.

ఏం రావాలి, ఏం కావాలి

భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చినవాళ్లకు తాడు, ముడుల సంగతి తెలుస్తుంది, ఎత్తు భయం పోతుంది. కానీ పారినాకోటాకి కావాల్సింది వేరు. పడితే ఐస్ యాక్స్‌తో తన్ను తాను ఆపుకోవడం, అలసటలో కూడా క్రాంపాన్ పళ్లన్నీ ఆనేలా అడుగు వేయడం. మనాలి, ఉత్తరకాశీ, డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థల్లో బేసిక్ కోర్సు చేసి ఉంటే చాలు. సహామాకి అడ్వాన్స్ కోర్సు స్థాయి ఉంటేనే.

రెండు పొరల బూట్లు తప్పనిసరి, ట్రెక్కింగు బూట్లతో అకోటాంగో కూడా వద్దు. లా పాజ్‌లో అద్దెకి దొరుకుతాయి. అద్దె క్రాంపాన్లను అదే బూటుకి బిగించి, కొట్లోనే పాదం విదిలించి చూడండి. వదులైన క్రాంపాన్ రాత్రి మూడింటికి ఊడుతుంది, గ్లవ్స్ తీసి బిగించాలంటే వేళ్లు కొంకర్లుపోతాయి. పైపుతో పీల్చే నీళ్ల సంచి పనికిరాదు, మొదటి గంటలోనే పైపు గడ్డకడుతుంది. వెడల్పు మూతి సీసాలో వేడినీళ్లు పోసి, మందపాటి మేజోడులో దూర్చి, తలకిందులుగా పెట్టుకోండి. ఐస్ పైనుంచి కడుతుంది కనుక మూత వైపు నీరుగానే ఉంటుంది.

పారినాకోటా క్యాంపులో నీళ్లుంటాయని అనుకోవద్దు. ఊరినుంచి మనిషికి అయిదు లీటర్లు జీపులో వేసుకోండి. 5,100 దగ్గర నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి, బియ్యం, పప్పు ఉడకవు. అటుకులు, ముందే వేయించిన ఉప్మా రవ్వ, నూడుల్స్ అయితే గ్యాసు తక్కువ తింటాయి. గ్యాసు డబ్బాలు విమానంలో తేలేరు, లా పాజ్‌లో కొనండి.

గైడుని మాట్లాడుకునేటప్పుడు ధర తర్వాత. ముందు మూడు అడగండి. ఒక గైడుకి ఎంతమంది? మంచు వాలు మీద ఇద్దరికి మించకూడదు. ఒకరు దిగాల్సి వస్తే రెండోవారి సంగతేంటి? గత వారంలో వాలు మీద ఉన్నది మంచా, బూడిదా? మూడోదానికి తడుముకుంటే ఆయన ఈమధ్య అటు వెళ్లలేదని అర్థం.

కాగితాలు

భారత పాస్‌పోర్టుకి రెండు దేశాల వీసా నియమాలూ వేరు వేరు. బొలీవియాలో ఎక్కి చిలీ మీదుగా తిరిగిరావాలనుకుంటే రెండూ ముందే చూసుకోండి. బొలీవియా పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) దేశాల జాబితాలో ఉంది. తిరిగొచ్చేటప్పుడు టీకా పత్రం లేకపోతే మన విమానాశ్రయంలో క్వారంటైన్‌కి పంపుతారు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, టికెట్లకంటే ముందు ఆ పని చూసుకోండి.

చిలీ సరిహద్దులో వ్యవసాయ తనిఖీ కఠినం. పళ్లు, గింజలు, ఎండుమిర్చి, ఊరగాయ, పొడులు ఏమున్నా ఫారంలో రాసి చూపించండి. రాస్తే మహా అయితే పారేస్తారు, దాస్తే జరిమానా. కోకా ఆకు టీ బొలీవియాలో మామూలే, తాగండి. ఆకులు మాత్రం సంచిలో ఇంటికి తేవద్దు, మన దేశంలో అది మాదకద్రవ్యాల కేసు.

సహామా ఊరినుంచి పటకమాయా వెళ్లే మినీబస్సు తెల్లవారకముందే బయలుదేరుతుంది. శిఖరం దిగిన మర్నాడు దాన్ని అందుకోవడం కష్టం. లా పాజ్ విమానానికీ శిఖరం రోజుకీ మధ్య కనీసం మూడు రోజులు ఉంచండి. గాలి ఎక్కువై ఒకరోజు ఆగాల్సి వస్తే ఆ రోజు ఇందులోంచే తీయాలి.